చూశానని చెప్పండి, బాబూ

ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో పగలూ రాత్రీ తేడా తెలియదు. బయట మే నెల ఎండ నెత్తి మాడ్చేస్తున్నా లోపల చీకటే. గోడలకి దళసరి తివాచీ, నేలకి ఇంకో తివాచీ, ఏసీలోంచి తడిసిన గోనెసంచి వాసన. పొద్దున్నే దేవుడి పటానికి వెలిగించిన అగరొత్తి పొగ బయటికి పోయే దారి లేక సాయంత్రం దాకా అక్కడే తిరుగుతుంటుంది. తలుపు మూస్తే మీ ఊపిరి మీకే వినిపిస్తుంది. కొత్తవాళ్ళు కంగారుపడతారు గానీ నాకు ఆ గదులంటే ఇష్టంగానే ఉండేది.

నా పేరు త్రినాథరావు. పేరు చెబితే మీకు తెలియదు, మొహం చూస్తే "అరె, వీడా!" అంటారు. నేను విలన్ పక్కన నిలబడే విలన్ని. అసలు విలన్ని కొట్టేముందు హీరో చెయ్యి వాటం చూసుకునేది నా మీదే. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. ఇండస్ట్రీ మద్రాసు నుంచి హైదరాబాదు తరలి వచ్చాక నేనూ ట్రంకుపెట్టెతో దిగాను. జనాన్ని భయపెట్టి పొట్టపోసుకున్నవాణ్ణి, అలాంటివాణ్ణి నేను భయపడ్డ సంగతి చెప్పబోతున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం. అది అర్ధరాత్రీ కాదు, అమావాస్యా కాదు. రెండువేల సంవత్సరం మే నెలలో ఒక మధ్యాహ్నం రెండున్నరకి జరిగింది.

కానీ ముందు ఫిబ్రవరిలో జరిగిన షూటింగ్ సంగతి చెప్పాలి. అది చెప్పకుండా దెయ్యం గురించి చెబితే, తప్పంతా దెయ్యానిదే అనుకుంటారు.

మా సినిమాలో తుపాకుల బాధ్యత వీరయ్యది. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, మోతీనగర్‌లో ఉండేవాడు. సినిమా తుపాకీలో గుండు ఉండదు, ఉత్త మందే ఉంటుంది. చప్పుడూ పొగా వస్తాయి, అంతే. అయితే గొట్టంలో ఏదైనా ఇరుక్కుని ఉందనుకోండి, ఆ మందు దాన్నే గుండుగా మార్చి తోసేస్తుంది. అందుకని వీరయ్యకి ఒక పద్ధతి ఉండేది. ప్రతి షాట్ ముందూ రివాల్వర్ విప్పి, గొట్టం వెనక చిన్న టార్చి లైటు పెట్టి, ముందునుంచి నటుణ్ణి చూడమనేవాడు. గుండ్రంగా వెలుతురు కనిపిస్తే గొట్టం ఖాళీ. చీకటిగా ఉంటే లోపల ఏదో అడ్డం పడ్డట్టు. చూసి, "చూశాను" అని పైకి అనాలి. ఎంత పెద్ద హీరో అయినా సరే, ఆ మాట అంటేగాని తుపాకీ చేతికిచ్చేవాడు కాదు.

"చూశానని చెప్పండి, బాబూ," అని అడిగేవాడు, తుపాకీ గుండెకి ఆనించుకుని. "పేల్చే చెయ్యి మీది. నా కళ్ళతో పాటు మీ కళ్ళూ ఉండాలి."

ముసలాడి చాదస్తం అని అందరం నవ్వుకునేవాళ్ళం. కానీ ఆయన కళ్ళలో పొర వచ్చిందని నాకు తెలుసు. ఒకసారి టీ గ్లాసు అనుకుని మేకప్ వాళ్ళ రంగు డబ్బా అందుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "ఎవరితోనూ అనకండి బాబూ, ఈ సినిమా అవగానే ఆపరేషన్ చేయించుకుంటా," అన్నాడు. నేను ఎవరితోనూ అనలేదు. అది మొదటి తప్పు.

ఇక రాములు. బోరబండ గుట్ట మీద ఉండే ఫైటరు. దెబ్బ తిని పడటంలో వాడంత మొనగాణ్ణి నేను చూడలేదు. నాకు డూపు కూడా వాడే. నా బదులు ఎన్ని అద్దాల్లోంచి దూకాడో, ఎన్ని మేడల మీంచి దొర్లాడో లెక్కలేదు. "అన్నా, నువ్వు ఊకె చెయ్యి లేపు. మిగిలింది నేను జూసుకుంట. ఫికర్ జెయ్యకు," అనేవాడు. పదేళ్ళుగా వాడి ఒంటి మీద పడ్డ దెబ్బలన్నీ తెరమీద నా ఖాతాలోకే వచ్చాయి.

ఆ రోజు షూటింగ్ ఫిల్మ్‌నగర్ వెనక బండల్లో. అప్పట్లో మాదాపూర్‌కి కంప్యూటర్ కంపెనీలు వచ్చి, జూబ్లీహిల్స్ చుట్టుపక్కల బండకి కూడా రేటు వచ్చింది. ఎక్కడ చూసినా రాళ్ళు పేల్చి ఇళ్ళు కట్టేస్తున్నారు. మేం తీసుకున్న చోట నేలంతా కంకర. ఒక షాట్‌లో హీరో నా చెయ్యి మీద తంతే రివాల్వర్ ఎగిరి ఆ కంకరలో పడింది. తర్వాతి షాట్‌లో నేను దాన్ని అందుకుని, నాలుగడుగుల దూరంలో ఉన్న రాములుని కాల్చాలి. మా ఇద్దరి మధ్యా అడ్డం ఏమీ లేదు. పొద్దు వాలిపోతోంది. డైరెక్టరు "లైటు పోతోందయ్యా, తొందరగా, తొందరగా!" అని అరుస్తున్నాడు. సౌండ్ వాళ్ళు టేపు ఆపను కూడా లేదు.

వీరయ్య రివాల్వర్ తుడిచి, విప్పి, టార్చి పెట్టి నా ముందుకొచ్చాడు. అప్పుడే నా సెల్లు మోగింది. సెల్‌ఫోన్ కొత్త ఆ రోజుల్లో, మోగితే ఎత్తకుండా ఉండలేం. మణికొండలో స్థలం బ్రోకరు. నేను నల్ల కళ్ళజోడు కూడా తియ్యకుండా, మొహం అటు తిప్పుకుని, తూర్పు ముఖమేనా, రోడ్డు ఎంత వెడల్పు అని అడుగుతున్నాను. పక్కనుంచి వీరయ్య అడిగాడు. నేను "చూశా, చూశా" అని చెయ్యి చాపాను. ఆ స్థలం కొన్నాను లెండి. తూర్పు ముఖమే. ఇప్పుడు ఇది చెబుతున్నది ఆ ఇంట్లో కూర్చునే.

కాల్చాను. రాములు పడ్డాడు. అబ్బ, ఏం పడ్డాడని! చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. షాట్‌లో చచ్చినవాడు వెంటనే లేచి, కెమెరా వైపు చూసి నవ్వాలి. అపశకునం పోవడానికి ఆ నవ్వు కూడా కాస్త ఫిలిం మీద తీస్తారు. అసిస్టెంట్ డైరెక్టర్ కేకేశాడు, "రాములన్నా, లే! నవ్వు!" రాములు లేవలేదు. కెమెరా తిరుగుతూనే ఉంది. "వేషాలెయ్యకురా, నవ్వు, ఇంటికి పోదాం," అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే. దగ్గరికెళ్ళి భుజం పట్టి ఇటు తిప్పితే, గొంతు కింద రేగ్గింజంత చిల్లు కనిపించింది. కంకర రాయి. గొట్టంలో ఇరుక్కున్నది. టార్చి ముందు ఒక్క క్షణం కన్ను పెట్టి ఉంటే నాకు చీకటి కనిపించేది.

పోలీసులు వచ్చేలోపల ప్రొడ్యూసర్ మేనేజరు నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "ఒక్క మాట చాలు రావుగారూ. గొట్టం నాకు చూపించలేదు అనండి. తుపాకీ ఆయన బాధ్యత, మీది కాదు," అన్నాడు. నాకూ అదే కావాలి. ఇన్‌స్పెక్టరు ముందు అలాగే అన్నాను. వీరయ్య అక్కడే ఉన్నాడు. నేనున్న వైపు తిరిగి, "చూశానన్నారు కదా, బాబూ," అన్నాడు. అంతే. డాక్టరు ఆయన కళ్ళు పరీక్ష చేశాడు, పొర బయటపడింది. లైసెన్సు గడువు దాటిందని ఇంకో కేసూ తోడైంది. జామీను ఇచ్చే దిక్కు లేక ముసలాయన జైలుకెళ్ళాడు.

ఏప్రిల్‌లో రాములు భార్య నీలమ్మ మా ఇంటికొచ్చింది. మా ఆవిడ పుష్పవల్లి లోపలికి రమ్మంటే రానని గడప దగ్గరే నిలబడింది. డబ్బు కోసమేమో అనుకుని నేను లోపలికి తిరగబోయాను.

"పైసలకు రాలే సారూ," అంది. "ఒక్కటి అడిగి పోత. వీరయ్యన్న పెండ్లాం నాగేశ్వరక్క రోజు నాకు బువ్వ పంపుతది. గిన్నె మూత పెట్టి, మోతీనగర్ కెల్లి నడిచొచ్చి గడప మీద పెట్టిపోతది. నా మొఖం చూడది. మా ఇంటాయన్ని ఈ పనిల పెట్టిందే వీరయ్యన్న, అన్నదమ్ముల లెక్క ఉన్నరు. గిప్పుడేమో అందరు వీరయ్యన్ననే చంపిండంటున్నరు. ఆ బువ్వ తినాల్నా, పారబొయ్యాల్నా? రెండు నెలల సంది కుక్కకేస్తున్న. నువ్వు గాడనే ఉన్నవ్ గద సారూ. వీరయ్యన్న నీకు చూపెట్టలేదా? నిజం జెప్పు."

పుష్పవల్లి నా మొహంలోకి చూస్తోంది. నేను గొంతు సవరించుకున్నాను. "లేదమ్మా. చూపించలేదు," అన్నాను.

ఆవిడ తలాడించి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు కాఫీ తాగబుద్ధి కాలేదు, అంతకంటే ఏమీ చెయ్యలేదు.

మే నెలలో డబ్బింగ్‌కి పిలిచారు. రాములు పడే ముక్క తీసేసి, నేను డైలాగు చెప్పి ట్రిగ్గర్ నొక్కేవరకు సీను ఉంచారట. డబ్బింగ్ అంటే మీకు తెలిసిందే కదా, తెర మీద మన బొమ్మ పడుతుంది, షూటింగ్‌లో పట్టిన మాట చెవుల్లో వినిపిస్తుంది, పెదాలకి సరిపోయేలా మళ్ళీ ఆ మాట చెప్పాలి. అద్దం అవతల సౌండ్ ఇంజనీరు శ్రీకాంత్ ఉన్నాడు. టోలిచౌకి నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు.

"ఆరో రీలు సార్. మీది ఒక్కటే డైలాగు. పది నిమిషాల పని," అన్నాడు.

దీపాలు ఆరిపోయాయి. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. తెర ఇంకా ఖాళీగానే ఉంది గానీ టేపు ముందునుంచే మొదలైంది. కంకర మీద చెప్పుల చప్పుడు. ఎవరో దగ్గు. డైరెక్టరు అరుపు. తర్వాత, చెవి పక్కనే ఉన్నంత స్పష్టంగా వీరయ్య గొంతు.

"బాబూ, చూడండి."

"తూర్పు ముఖమేనా? రోడ్డు ఎంత వెడల్పు?" అది నా గొంతు.

"చూశానని చెప్పండి, బాబూ."

"ఆ, చూశా, చూశా. నువ్వు చెప్పవయ్యా, కార్నర్ బిట్టా?"

టేపు ఆగింది. అద్దం అవతల శ్రీకాంత్ నన్నే చూస్తున్నాడు.

"సార్... గిది పోలీసోళ్ళకు ఇయ్యాలె గద సార్," అన్నాడు మెల్లగా.

"షూటింగ్ చెత్త అది. తుడిచెయ్," అన్నాను.

"వీరయ్య తాత లోపలున్నడు సార్..."

"శ్రీకాంత్, నీకు ఇద్దరు పిల్లలు కదూ?"

అది బెదిరింపు. తెర మీద వందసార్లు చెప్పుంటాను అలాంటి మాట. బతికున్న మనిషితో అనడం అదే మొదలు. శ్రీకాంత్ మీట నొక్కాడు. ఆ ముక్క పోయింది. నాకు నిజంగానే ప్రాణం తేలికపడింది, సిగ్గులేకుండా చెబుతున్నా.

తెర మీద నా మొహం వచ్చింది. నల్ల కళ్ళజోడు, బుగ్గ మీద అంటించిన గాటు. కళ్ళజోడు అద్దాల్లో రాములు కనిపిస్తున్నాడు. అందులో వింతేం లేదు, షాట్ తీసినప్పుడు నాకెదురుగా ఉన్నది వాడే కదా. కుడి అద్దంలో చీమంత రాములు, ఎడమ అద్దంలో చీమంత రాములు. నేను డైలాగు చెప్పాను.

"పైకి పోయాక అక్కడ కూడా నా పేరే చెప్పు!"

"సింక్ అయితలేదు సార్. ఒకసారి మళ్ళ," అన్నాడు శ్రీకాంత్.

మళ్ళీ చెప్పాను. కాలేదు. మళ్ళీ. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, డబ్బింగంటే అదే, నేను అందులో పండిపోయినవాణ్ణి. ఒక్క డైలాగుకి నాలుగు టేకులు తీసుకున్న రోజు నా జీవితంలో లేదు. ఎనిమిదో టేకు దాటింది. గొంతు ఎండిపోయింది. మాట నాది, మొహం నాది... రెండూ కలవడం లేదు.

"సార్, ఏమనుకోకుండ్రి. బొమ్మల మీ పెదాలు వేరే మాట అంటున్నయ్."

"నీ మొహం. నేనన్నది నాకు తెలీదా? వెయ్యి మళ్ళీ."

తొమ్మిదో టేకులో చూశాను. అద్దాల్లో రాములు చీమంత లేడు. బొటనవేలంత ఉన్నాడు. దగ్గరికొచ్చాడు. ఒక అడుగు.

ఫిలిం అది. ఒకసారి తీసింది తీసినట్టే ఉంటుంది. ఎన్నిసార్లు వేసినా మారదు. ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను. పదో టేకు. ఇంకో అడుగు. వాడి చొక్కా గుండీలు కనిపిస్తున్నాయి.

"శ్రీకాంత్..." నా గొంతు నాకే వినపడలేదు. "కళ్ళజోడులో... ఏమన్నా కనిపిస్తోందా?"

"లైటు సార్. గుండ్రంగ."

"మనిషి?"

"మనిషి ఎవ్వరు లేరు సార్."

అగరొత్తి వాసన పోయింది. మందు వాసన. కాలిన మందు... రాతి దుమ్ము. హెడ్‌ఫోన్స్‌లో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. నేను ఊపిరి బిగబట్టాను. అయినా ఆగలేదు. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాను. అయినా వినిపిస్తోంది. నా వెనక... తివాచీ మీద... కంకర నలిగిన చప్పుడు.

వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయాను.

పదకొండో టేకు అని నేను అడగలేదు. శ్రీకాంత్ వెయ్యలేదు. తెర మీద అదే మొదలైంది. రెండు అద్దాల్లోనూ రాములు మొహమే, నిండా. గొంతు కింద నల్లగా చిన్న మచ్చ. వాడి మొహంలో కోపం లేదండీ. ఉంటే బాగుండేది, కోపానికైతే నేను చేతులు జోడించేవాణ్ణి. షాట్ ముందు "రెడీనా అన్నా" అని అడిగే మొహం అది. నా కోసం ఆగి ఉన్నాడు, ఎప్పటిలాగే. ఆ అద్దాల కింద నా పెదాలు కదిలాయి. మెల్లగా. పెదాలు చదవడం నా పని. ఏళ్ళ తరబడి అదే చేశాను. నాలుగు అక్షరాలు. మళ్ళీ కదిలాయి. మళ్ళీ అవే నాలుగు.

చెవి దగ్గర ఎవరో గుసగుసగా... "అన్నా... చెప్పు."

మైకు పట్టుకున్నాను. చెప్పాను.

"చూడలేదు."

తెర మీద పెదాలు, నా పెదాలు ఒక్కసారే మూసుకున్నాయి. దీపాలు వెలిగాయి. స్పీకర్లో శ్రీకాంత్ గొంతు వచ్చింది.

"ఓకే సార్. కరెక్ట్ సింక్... డైలాగు మార్చిండ్రా సార్?"

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నా చొక్కా పూర్తిగా తడిసిపోయింది. అప్పటికైనా బుద్ధి రావాలి కదా? "అది కూడా తుడిచెయ్," అని చెప్పి ఎండలోకి పరిగెత్తాను. బయట కొబ్బరిబొండాలవాడు కత్తి నూరుకుంటున్నాడు. వాడి పక్కన నిలబడి చాలాసేపు ఏడ్చాను. వాడు బొండాం కొట్టి చేతిలో పెట్టాడు.

ఇంటికెళ్ళి డైరెక్టరుకి ఫోన్ చేసి, ఆ సీను తీసెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయనకీ కేసు గొడవ భయం ఉంది. సీను మొత్తం లేపేశారు. ఆ చోట హీరో హీరోయిన్ల పాట పెట్టారు, ఊటీలో పూలతోటలో తీసింది. ఆ సీను నెగిటివ్‌ని ఎడిటరే స్వయంగా కాల్చేశాడు. నా కళ్ళముందే కాల్చాడు. ఈసారి మాత్రం దగ్గరుండి చూశాను.

ఆగస్టులో సినిమా విడుదలైంది. నాలుగో రోజు నీలమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి గడప దాటి లోపలికొచ్చి కూర్చుంది.

"నిన్న తిన్న సారూ," అంది. "నాగేశ్వరక్క పంపిన బువ్వ. ఆరు నెలల తర్వాత తిన్న. ఆమెను లోపటికి పిలిచి, పక్కన కూసోబెట్టుకోని తిన్న. ఇద్దరం మస్తు ఏడ్చినం."

"ఏమైందమ్మా?" అన్నాను.

"ఏందట్ల అడుగుతవ్? నీ నోటితోనే జెప్పినవ్ గద సారూ. సినిమల. కాల్చేముందు 'చూడలేదు' అని. మొగోనివి, గంతమంది ముంగట ఒప్పుకున్నవ్. ఇగ నాకు నీ మీద కోపం లేదు. గా మాట జడ్జి ముంగట గూడ జెప్తే వీరయ్యన్న ఇంటికొస్తడు. నాగేశ్వరక్క దండం పెట్టి అడగమన్నది."

"ఆ సీను... సినిమాలో లేదమ్మా. తీసేశారు."

ఆవిడ నన్ను జాలిగా చూసింది, మతి పోయినవాణ్ణి చూసినట్టు. "పా. నేను చూపిస్త," అంది.

మోతీనగర్ దగ్గర పాత హాల్లో మ్యాట్నీ. ఎవరూ గుర్తుపట్టకుండా తలకి తువ్వాలు చుట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. చెమట వాసన, బీడీ వాసన, ఎవరిదో పిల్ల ఏడుపు. ఆరో రీలు వచ్చింది. తెర మీద పూలతోట. హీరోయిన్ పసుపుపచ్చ చీరలో తిరుగుతోంది. నేను ఊపిరి వదిలాను.

"ఇగో, సారూ..." నీలమ్మ గుసగుసలాడింది. "గిదే."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. తెర వైపు చూశాను. పూలు. పాట. హాలు మాత్రం నిశ్శబ్దంగా ఉంది. పాటకి అంత నిశ్శబ్దం ఉండదు. నా ముందు వరసలో ఒకాయన సీట్లో వెనక్కి జరిగాడు, ఏదో మీద పడుతున్నట్టు. ఏడుస్తున్న పిల్ల ఏడుపు ఆపేసింది. అప్పుడు... అందరూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. హాలు హాలంతా. నాకు ఏ చప్పుడూ వినపడలేదు. తర్వాత నేల టిక్కెట్టువాళ్ళు ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. వాళ్ళు దేనికి చప్పట్లు కొడుతున్నారో నాకు అర్థమైంది. అలా పడగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు ఈ ఊళ్ళో.

కళ్ళు చించుకుని చూశాను. కళ్ళు తుడుచుకుని చూశాను. పూలతోటే.

"ఎట్ల పడ్డడు చూసినవా సారూ?" అంది నీలమ్మ, ఏడుస్తూ, గర్వంగా. "మావోని లెక్క ఎవడు పడతడు?"

"నాకు కనపడలేదమ్మా," అన్నాను. ఆవిడ నా చెయ్యి తట్టింది. ఆ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను, హాల్లో దీపాలు వెలిగేదాకా.

మర్నాడే లాయరు దగ్గరికెళ్ళాను. జడ్జి ముందు నిలబడి, చూపించాడు, నేనే చూడలేదు, అబద్ధమాడాను అని చెప్పాను. శ్రీకాంత్ కూడా తనంతట తనే వచ్చి టేపు సంగతి చెప్పాడు. నాకు పడాల్సిన శిక్ష పడింది, అది చాలదని నాకు తెలుసు. వేషాలు సగానికి సగం పోయాయి. వీరయ్య దసరా ముందు బయటికొచ్చాడు. అప్పటికే ఒక కన్ను పూర్తిగా పోయింది, ఆపరేషన్ ఆలస్యమైందన్నారు. మోతీనగర్ వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకున్నాను. తడిమి నా తల మీద చెయ్యి పెట్టి, "ఒక్కసారి ఇటు చూసి ఉంటే అయిపోయేది కదా బాబూ," అన్నాడు. ఎంత తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

ఆ తర్వాత నా చేతికి తుపాకీ ఇస్తే నేను విప్పి చూడకుండా షాట్‌కి రాలేదు. ఎదుటివాణ్ణి కూడా చూడమనేవాణ్ణి. కుర్ర హీరోలు నవ్వేవాళ్ళు. నవ్వుకోనీ. నా పక్కన మాత్రం మళ్ళీ ఎవరికీ ఏమీ కాలేదు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన ఆదివారం ఆ సినిమా టీవీలో వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పుష్పవల్లి వక్కలు కత్తిరిస్తోంది. మా మనవరాలు లాస్యకి ఆరేళ్ళు. తాతయ్య సినిమా అని నా ఒళ్ళో కూర్చుని చూస్తోంది. దానికి ఈ సంగతులేవీ ఎవరూ చెప్పలేదు. పూలతోట పాట మొదలైంది. పిల్ల ఒళ్ళంతా బిగుసుకుంది. చేతులతో నా బొటనవేలు గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఉలిక్కిపడి మొహం నా చొక్కాలో దాచుకుంది.

"ఏంటమ్మా? పాటే కదా," అన్నాను.

తలెత్తి నా మొహంలోకి చూసింది. కళ్ళనిండా నీళ్ళు.

"చూడలేదంటున్నావు కదా తాతయ్యా," అంది. "మరి ఎందుకు కాల్చావు?"

పుష్పవల్లి చేతిలో అడకత్తెర ఆగిపోయింది. టీవీలో హీరోయిన్ పసుపుపచ్చ చీర ఎగరేసుకుంటూ పూల మధ్య పరిగెత్తుతోంది. నాకు అంతే కనిపిస్తోంది.